విదేశంలో కొన్న స్కూబా సామానుకు వారంటీ ఎక్కడిది? కో టావో, హేవ్‌లాక్ యాత్రానుభవం

డైవింగ్ నేర్చుకోవడానికి థాయ్‌లాండ్‌లోని కో టావో వెళ్లేవాళ్లు తిరిగొచ్చేటప్పుడు సొంత రెగ్యులేటరో (సిలిండర్ గాలిని నోటికి అందించే పరికరం), లోతూ సమయమూ లెక్కపెట్టే డైవ్ కంప్యూటరో కొనుక్కురావాలని చూస్తుంటారు. ధర గురించి అందరూ అడుగుతారు. పాడైతే ఎవరు బాగుచేస్తారు, ఎక్కడ చేస్తారు, ఖర్చు ఎవరిది అన్నది అడిగేవాళ్లు తక్కువ. నీటి అడుగున మనం పీల్చే ప్రతి శ్వాసా ఆ రెగ్యులేటర్ గుండానే రావాలి. అందుకే ఈసారి దీవుల అందాల కంటే సామాను, సర్వీసుల సంగతే ఎక్కువ రాస్తున్నాను.

కో టావోకి మేం బ్యాంకాక్ నుంచి రాత్రి రైల్లో చుంఫోన్ చేరి, అక్కడ పొద్దున్నే కటమరాన్ అనే వేగపు పడవ ఎక్కాం. సముద్రం మీద దాదాపు రెండు గంటలు. అక్టోబరు చివర నుంచి డిసెంబరు దాకా అటువైపు వానలూ అలలూ ఎక్కువ, ఆ నెలల్లో వెళ్లకపోవడమే మంచిది. పడవ ఆగేది మే హాట్ రేవులో. దానికి ఉత్తరాన సైరీ బీచ్, దక్షిణాన చాలోక్ బాన్ కావ్. సైరీలో డైవ్ స్కూళ్లు, షాపులు, తిండి అన్నీ నడిచే దూరంలో ఉంటాయి కానీ రాత్రి బార్ల పాటలు ఆగవు. పొద్దున్నే బోటెక్కాల్సినవాళ్లకి నిద్ర ముఖ్యం. అందుకని చాలోక్‌లో దిగాం. గది చిన్నదే, ఏసీ లేదు, ఫ్యాను గాలి చాలింది. సామాను కడిగి ఆరేసుకోవడానికి వెనక నీడలో దండెం కట్టి ఇచ్చారు. డైవర్‌కి అంతకంటే కావలసిందేముంది! కోర్సు చేసేవాళ్లకి చాలా స్కూళ్లు గదిని తక్కువకే ఇస్తాయి, అడిగి చూడండి.

డైవింగ్‌లో నాకు బాగా నచ్చిన చోటు చుంఫోన్ పినాకిల్ అనే మునిగిన రాతి శిఖరం. అదృష్టం ఉంటే అక్కడ వేల్ షార్క్ కనబడుతుందంటారు. మాకు కనబడలేదు, కానీ దాని నిండా పరుచుకున్న ఎనిమోన్లు (పువ్వుల్లా ఉండే సముద్ర జీవులు) చూస్తూ ఉంటే గాలి అయిపోవడమే తెలియలేదు. 2011లో థాయ్ నౌకాదళం ముంచిన సత్తకుట్ నౌక దగ్గరికి కూడా వెళ్లాం. దాని అడుగు దాదాపు 30 మీటర్ల లోతులో ఉంటుంది. అంత లోతులో అద్దె రెగ్యులేటర్‌తో శ్వాస బరువుగా తోచింది. సొంతది కొనాలన్న నిర్ణయం అక్కడే గట్టిపడింది.

దీవిలో చాలా షాపులు తిరిగాం. ఒక షాపులో ధర మిగతావాటికంటే బాగా తక్కువ చెప్పారు. వారంటీ సంగతి అడిగితే "షాపు వారంటీ, ఇక్కడికి తెస్తే చూస్తాం" అన్నారు. ఇంకో షాపులో ధర కాస్త ఎక్కువే, కానీ వెనక గదిలో సర్వీసు బల్ల ఉంది. ఆ టెక్నీషియన్ కొత్త రెగ్యులేటర్‌ను సిలిండర్‌కి బిగించి, గొట్టం చివర చిన్న గేజ్ తగిలించాడు. సిలిండర్‌లోని 200 బార్ ఒత్తిడిని ఫస్ట్ స్టేజ్ (రెగ్యులేటర్‌లో సిలిండర్‌కి బిగించే భాగం) సుమారు 9, 10 బార్లకు తగ్గించి గొట్టంలోకి పంపాలి. ముల్లు 9.5 దగ్గర ఆగింది. గాలి బయటికి వదిలే పర్జ్ బటన్ పదే పదే నొక్కి వదిలాడు. ప్రతిసారీ ముల్లు పడిపోయి, మళ్లీ అక్కడికే వచ్చి కదలకుండా నిలబడింది. "ఇలా నిలబడాలి, మెల్లగా పైకి పాకితే లోపల గాలిని ఆపే సీటు అరిగినట్టు" అని చూపించాడు. ఆ కాసేపట్లో నేను నేర్చుకున్నది చిన్నదేం కాదు.

కొనేముందు కంపెనీ వెబ్‌సైట్‌లో ఆథరైజ్డ్ డీలర్ల జాబితాలో ఆ షాపు పేరుందో లేదో చూశాను. ఉంది. ఆ తర్వాత ఇండియాలో ఆ కంపెనీ సరుకు అమ్మే డిస్ట్రిబ్యూటర్‌కి మెయిల్ పెట్టాను. థాయ్‌లాండ్‌లో కొన్నదానికి ఇక్కడ వారంటీ చేస్తారా, చేస్తే విడిభాగాలు మాత్రమేనా, పని కూలి కూడానా అని. మర్నాడే జవాబొచ్చింది. ఆథరైజ్డ్ డీలర్ బిల్లుంటే భాగాలు ఉచితం, కూలీ, కొరియర్ ఖర్చూ నేనే పెట్టుకోవాలి. ఆ మెయిల్ ప్రింటు తీసి బిల్లుతో పాటే దాచాను.

బిల్లు మీద మోడల్ పేరు, సీరియల్ నంబరు, నా పూర్తి పేరు రాయించాను. థాయ్‌లాండ్‌లో టూరిస్టులకి 7 శాతం వ్యాట్‌లో చాలా భాగం వెనక్కిస్తారు. అందుకు షాపువాళ్లు ఇచ్చే ఫారంతో పాటు అసలు బిల్లు ఎయిర్‌పోర్టులో చూపించాలి. లగేజి చెకిన్ చేయకముందే కస్టమ్స్ వాళ్లకి వస్తువు చూపించి స్టాంపు వేయించుకోవాలి. వారంటీకీ అదే బిల్లు కావాలి కాబట్టి షాపులోనే స్టాంపు వేసిన రెండో కాపీ అడిగి తీసుకున్నాను. రెగ్యులేటర్‌ని ఎటూ చేతి సంచిలోనే తెచ్చుకున్నాను, సూట్‌కేసులో వేసి విసిరేయించడం నాకిష్టం లేదు.

ఇక అండమాన్. హేవ్‌లాక్ దీవి, ఇప్పుడు స్వరాజ్ ద్వీప్. డైవ్ సెంటర్ల పక్కనే బీచ్ కాటేజీ తీసుకున్నాం. కో టావోతో పోలిస్తే ఖర్చెక్కువ, కరెంటు ఒకటి రెండుసార్లు పోయింది, కానీ జనం తక్కువ, పగడాలు ఎక్కువ. జానీస్ గార్జ్ దగ్గర చేపల గుంపులు చూస్తే ఆ ఖర్చు మర్చిపోతాం. పడవ మీద సిబ్బంది జాగ్రత్త నాకు కో టావో కంటే ఇక్కడే బాగుందనిపించింది. ఒక్కొక్కరి వాల్వు తిప్పి చూసి, రెగ్యులేటర్‌లోంచి రెండుసార్లు గాలి పీల్పించి గానీ నీళ్లలోకి దూకనివ్వలేదు.

ఆ పరీక్షలోనే నా స్నేహితుడి రెగ్యులేటర్ దొరికిపోయింది. నోట్లో పెట్టుకునే భాగం, సెకండ్ స్టేజ్, నోట్లో పెట్టుకోకుండానే సన్నగా గాలి కారుస్తోంది. దాన్ని పక్కన పెట్టించి అద్దెది ఇచ్చారు. సాయంత్రం సెంటర్‌లో గేజ్ తగిలిస్తే ముల్లు 9.5 నుంచి మెల్లగా 12 దాటింది. సీటు మార్చాలి, ఆ భాగం దీవిలో లేదు. ఆ రెగ్యులేటర్‌ని డల్లాస్‌లో ఉండే వాళ్ల బావగారు ఒక ఆన్‌లైన్ స్టోర్‌లో డిస్కౌంట్‌కి కొని పంపారు. నా స్నేహితుడు వెంటనే ఆయనకి ఫోన్ చేశాడు.

"బావగారూ, బిల్లు ఎవరి పేరు మీదుంది?"

"నా కార్డుతో కొన్నాను కదా, నా పేరు మీదే ఉంటుంది. ఏం, ఏమైంది?"

అమెరికా నుంచి సామాను తెప్పించుకునే మన ఇళ్లన్నిటికీ ఈ విషయం వర్తిస్తుంది. చాలా కంపెనీల వారంటీ మొదటి కొనుగోలుదారుకే చెల్లుతుంది, చేతులు మారితే పోతుంది. పైగా ఆ స్టోర్ కంపెనీ డీలర్ల జాబితాలో లేదు. కంపెనీకి రాస్తే అమ్మినవాళ్లనే అడగమంది. అమ్మినవాళ్లు తమ సొంత వారంటీ ఇస్తాం, అమెరికాకి పంపండి అన్నారు. పంపే ఖర్చు, తెప్పించుకునే ఖర్చు మనదే. రిపేరుకు పంపుతున్నట్టు కస్టమ్స్ కాగితాలు ముందే చేయించకపోతే తిరిగొచ్చేటప్పుడు కొత్త వస్తువుకి వేసినట్టు సుంకం వేసే ప్రమాదం కూడా ఉంది. అన్నీ లెక్కేస్తే డిస్కౌంటులో మిగిలింది మొత్తం పోతుంది. వాడు చివరికి చెన్నైలో సొంత డబ్బుతోనే సీటు మార్పించాడు.

వారంటీ ఉన్నా అది తనంతట తాను నిలబడదు. చాలా కంపెనీలు ఏడాదికో రెండేళ్లకో, లేదా ఇన్ని డైవ్‌లకోసారి ఆథరైజ్డ్ టెక్నీషియన్ చేత సర్వీసు చేయించి, దాన్ని నమోదు చేయించమంటాయి. కొత్త బండికి సర్వీసు బుక్కులో స్టాంపులు పడ్డట్టే. ఒక్కటి తప్పినా చెల్లదనే కంపెనీలున్నాయి. ఓ-రింగులు (గాలి కారకుండా ఆపే రబ్బరు చక్రాలు), మౌత్‌పీసులు, గొట్టాల వంటి అరిగిపోయే భాగాలు ఎటూ వారంటీలోకి రావు. డైవ్ కంప్యూటర్‌కి ఇంత సర్వీసు బెడద ఉండదు. అది ఎక్కువగా రిపేరు కంటే మార్పిడి వ్యవహారం. కాబట్టి దాన్ని విదేశంలో కొనడానికి నేను అంత భయపడను, ఆథరైజ్డ్ డీలర్ అయితే చాలు. యూరోపియన్ యూనియన్ దేశాల్లో కొన్నవాటికి చట్ట ప్రకారం కనీసం 2 ఏళ్ల పూచీ ఉంటుంది, కానీ ఆ పూచీ అమ్మినవాడిది. అంటే మళ్లీ అక్కడికే వెళ్లాలి.

ఎక్కడ కొనాలని అడిగితే, ఏటా డైవింగ్‌కి థాయ్‌లాండే వెళ్లేవాళ్లు కో టావోలో కొనుక్కోవచ్చు, సర్వీసూ అక్కడే అయిపోతుంది. అండమాన్, కర్ణాటకలోని నేత్రాణి, విశాఖల్లోనే దూకేవాళ్లు ఇండియాలో సర్వీసు ఉన్న బ్రాండే తీసుకోండి. నాలుగు వేలు ఎక్కువైనా సరే. ఉన్న సామానుతో విదేశానికి బయల్దేరేవాళ్లు వెళ్లేటప్పుడే ఎయిర్‌పోర్టు కస్టమ్స్ దగ్గర సీరియల్ నంబర్లు రాయించి ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ తీసుకోవాలి. తిరిగొచ్చేటప్పుడు అది పాత వస్తువేనని చూపించడానికి ఆ కాగితం పనికొస్తుంది. దానికి కాస్త సమయం పడుతుంది, ఎప్పటికంటే ఒక గంట ముందుగా ఎయిర్‌పోర్టుకి బయల్దేరండి.