ఆనముడి ఎక్కిస్తామని ఆరువేల ఆరువందలు

మున్నార్ బజారులో ‘ఆనముడి శిఖరం ట్రెక్’ అని బోర్డు చూసి డబ్బు కట్టబోయేవారికి ముందుగా ఒక్క మాట చెప్పి, ఆ తరువాత మా యాత్ర సంగతులు రాస్తాను. ఆనముడి శిఖరం కేరళలోని ఎరవికుళం జాతీయ ఉద్యానవనం లోపల ఉంది. సాధారణ సందర్శకులను రాజమల అనే చోటి వరకే అనుమతిస్తారు కానీ శిఖరం మీదికి పంపరు. ఈ సంగతి ముందుగా తెలుసుకోకపోవడం వల్ల మేము 6,600 రూపాయలు, ఒక తెల్లవారుజాము నిద్ర, మా బావమరిది మూడు రోజుల మనశ్శాంతి పోగొట్టుకున్నాము.

ఈ యాత్ర ఆలోచన అతనిదే. నీటిపారుదల శాఖలో ముప్పయ్యేళ్ళు లెవెల్స్ తీసి, అంటే నేల ఎత్తుపల్లాలు కొలిచి, పదవీ విరమణ చేసిన మనిషి కాబట్టి, కొండలను సముద్రమట్టం నుంచి మాత్రమే కొలిచి ఊరుకోవడం అతనికి నచ్చదు. అది మిద్దె మీద నిలబడిన పిల్లవాడి ఎత్తును వీధిలో నుంచి కొలిచినట్టు ఉంటుందంటాడు. ఒక శిఖరం నుంచి బయలుదేరి, అంతకన్నా ఎత్తయిన మరో శిఖరానికి వీలైనంత తక్కువ దిగుతూ వెళ్ళాలనుకుంటే, ఎంత మంచి దారి వెతుక్కున్నా దిగక తప్పని అట్టడుగు చోటు ఒకటి ఉంటుంది. అక్కడి నుంచి శిఖరం కొస దాకా ఉన్నదే ఆ కొండ తాను సంపాదించుకున్న ఎత్తు. ప్రామినెన్స్ అని పిలిచే ఈ లెక్కకు మా బావమరిది ‘సొంత ఎత్తు’ అని పేరు పెట్టుకున్నాడు. ప్రపంచంలో నాలుగో ఎత్తయిన ల్హోత్సే 8,516 మీటర్లు ఉన్నా, ఎవరెస్టు పక్కన అంటిపెట్టుకొని ఉండడం వల్ల దాని సొంత ఎత్తు 610 మీటర్లే. మన ఆనముడి 2,695 మీటర్లే అయినా, దానిని మించిన కొండ కావాలంటే హిమాలయాల దాకా పోవాలి, మధ్యలో 216 మీటర్ల మట్టానికి దిగాలి. అందువల్ల దాని సొంత ఎత్తు 2,479 మీటర్లు. దక్షిణాదిలో దాని తరువాతి స్థానం ఊటీ దగ్గరి దొడ్డబెట్టది. అది 2,637 మీటర్ల కొండ, సొంత ఎత్తు 2,256. ఈ రెంటినీ ఒకే ప్రయాణంలో చూడాలన్నది అతని కోరిక. గురువాయూరు వెళదామని ఏడాదిగా అడుగుతున్న మా ఆవిడ, తిరుగు ప్రయాణంలో అక్కడికి తీసుకువెళ్ళాలన్న షరతు మీద ఒప్పుకుంది.

సంక్రాంతి వెళ్ళిన మరుసటి వారం రాజమండ్రిలో ఆలెప్పీ రైలు ఎక్కి కోయంబత్తూరులో దిగి, ప్రభుత్వ బస్సులో ఊటీ చేరాము. సొంత కారులోనో అద్దె కారులోనో నీలగిరి జిల్లాకు వెళ్ళేవారు, హైకోర్టు ఆదేశం మీద 2024 మే నుంచి అమలులోకి వచ్చిన ఈ-పాస్ తీసుకోవాలి. ప్రభుత్వ బస్సులో వెళితే ఆ బాధ లేదు.

ఊటీలో బస గురించి ఎక్కువగా రాయడం నాకిష్టం లేదు. ‘లోయ కనిపించే గది’ అని రోజుకు 1,650 రూపాయలు తీసుకున్నారు. కిటికీ తెరిస్తే పక్క మేడ మీది నీళ్ళ ట్యాంకు కనిపించింది. అదనపు పరుపుకు 300, గది హీటరుకు రోజుకు 350 విడిగా అడిగారు. వేడినీళ్ళు ఉదయం ఆరున్నర నుంచి ఏడున్నర వరకే వస్తాయని గదిలో దిగిన తరువాత చెప్పారు. జనవరిలో తెల్లవారేసరికి గడ్డి మీద మంచు తెల్లగా పేరుకునే ఊరిలో ముగ్గురు మనుషులు ఒక గంటలో స్నానాలు ముగించడం ఎలాంటి పరీక్షో అనుభవించినవారికే తెలుస్తుంది.

దొడ్డబెట్ట ఊటీ నుంచి కోటగిరి దారిలో తొమ్మిది కిలోమీటర్ల దూరంలో ఉంది. రానూపోనూ, అక్కడ గంటన్నర ఆగడానికీ కలిపి టాక్సీకి 1,100 రూపాయలు ఇచ్చాము. శిఖరం దాకా తారు రోడ్డు ఉంది. కారు దిగి వంద అడుగులు వేస్తే టెలిస్కోపు ఇల్లు, దాని చుట్టూ మొక్కజొన్న కంకులు, మిరపకాయ బజ్జీలు, ఉన్ని టోపీలు అమ్మేవాళ్ళు. మోకాళ్ళ నొప్పులున్న మా ఆవిడకు ఇంతకు మించిన కొండ ఉండదు. ఆమె ముఖంలో ఆ రోజు కనిపించినంత సంతోషం గురువాయూరు చేరేదాకా మళ్ళీ నాకు కనిపించలేదు. నాకు మాత్రం కొండ ఎక్కినట్టు అనిపించలేదు. దక్షిణాదిలో రెండో స్థానం సంపాదించుకున్న శిఖరం మీద నిలబడి, కారును వెనక్కు తిప్పడానికి డ్రైవరు పడుతున్న అవస్థ చూస్తూ గడపడం ఏదోలా ఉంది. అయినా ఆగ్నేయం వైపు పొగమంచు విడిపోయి, ఎంతో దిగువన కోయంబత్తూరు మైదానం ఒక్కసారిగా బయటపడినప్పుడు, మా బావమరిది రెయిలింగు పట్టుకొని, “అదుగో బావగారూ, రేపు మనం దిగవలసింది అంతా అదే. ఈ కొండ సొంత ఎత్తంతా మీకు చెవుల్లో తెలుస్తుంది” అన్నాడు.

నిజంగానే తెలిసింది. మర్నాడు బస్సులో దిగుతున్నంతసేపూ చెవులు దిబ్బళ్ళు వేస్తూనే ఉన్నాయి. అతను ఫోనులో ఎత్తు చూసి పైకి చదువుతూనే ఉన్నాడు. మేట్టుపాళయం దాటి, కోయంబత్తూరు ఉక్కడం బస్టాండులో బస్సు మారి, పొల్లాచ్చి దారి పట్టాము. ఇది పాలక్కాడ్ కనుమ తూర్పు వాకిలి. పడమటి కనుమల గోడలో ఇంత వెడల్పయిన ఖాళీ ఇంకెక్కడా లేదు. దొడ్డబెట్ట నుంచి ఆనముడికి దిగక తప్పని అట్టడుగు చోటు ఈ మైదానంలోనే, సుమారు 381 మీటర్ల మట్టంలో ఉంది. అక్కడ గట్టు, లోయ ఏవీ కనిపించవు. కొబ్బరి తోటలు, కోళ్ళ ఫారాలు తప్ప. ఆ చోటికి ఒక పక్కన పడిన వాన నొయ్యల్ ద్వారా కావేరిలో కలిసి తూర్పు సముద్రానికీ, మరో పక్కన పడినది భారతప్పుళలో కలిసి పడమటి సముద్రానికీ పోతుంది. లెవెల్స్ తీసిన మనిషికి అది తీర్థయాత్ర లాంటిదని నాకు అప్పుడు అర్థమైంది. ఆ దారి పొడుగునా అతను కిటికీలో నుంచి తల లోపలికి పెట్టలేదు.

ఈ యాత్రలో నేను మరచిపోలేని భోజనం కూడా ఈ పల్లపు నేలలోనే దొరికింది. ఉడుమలపేటలో మున్నార్ బస్సుకు గంటన్నర వ్యవధి ఉండడంతో, బస్టాండు వెనుక సందులో ఒక చిన్న మెస్సులోకి వెళ్ళాము. ఆరు బల్లలు, గోడకు చిల్లర దేవుళ్ళ క్యాలెండర్లు. పెద్ద ఆశలేమీ పెట్టుకోలేదు. అరిటాకులో ముందుగా బియ్యం, కందిపప్పు కలిపి చిన్న ఉల్లిపాయలతో వండిన అన్నం, దాని మీద నెయ్యి వేశారు. ఆ తరువాత వచ్చిన చారు నోట్లో పెట్టుకోగానే మా ఆవిడ తలెత్తి, “ఇది ఉలవచారు కదండీ!” అంది. కాదు, మన చారులా చిక్కగా మరిగించినది కాదు. మిరియాలు, వెల్లుల్లి దంచి వేసి పలచగా కాచిన ఉలవ రసం. ఊటీ చలికి పట్టేసిన గొంతుకు అది మందులా పనిచేసింది. మా మాటలు విన్న వడ్డించే పెద్దావిడ, “ఇంకా కొంచెం అన్నం పెట్టేదా?” అని తెలుగులో అడిగేసరికి ముగ్గురమూ ఉలిక్కిపడ్డాము. ఇంట్లో మాట్లాడేది తెలుగేననీ, చదవడం రాయడం మాత్రం తమిళమేననీ, తన తాతల ముందు నుంచీ తమవారు ఇక్కడే ఉన్నారనీ చెప్పింది. కోయంబత్తూరు ప్రాంతంలో తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయని నేను వినకపోలేదు. కానీ వినడం వేరు, ‘పెట్టేదా’ అనే మాటతో పాటు విస్తట్లో రెండోసారి రసం పడడం వేరు. మనిషికి 110 రూపాయలు, మొత్తం 330. మజ్జిగ డబ్బు పుచ్చుకోలేదు.

ఉడుమలపేట నుంచి మున్నార్ వెళ్ళేటప్పుడు బస్సులో కుడివైపు కూర్చోవాలి. చిన్నార్ అడవి వానచాటు ప్రాంతం. ముళ్ళ చెట్లు, ఎండిన గడ్డితో మన రాయలసీమను తలపిస్తుంది. మరయూరు గంధపు చెట్లు దాటిన తరువాత తేయాకు తోటలు మొదలవుతాయి. అక్కడి నుంచి కుడిపక్క ఎరవికుళం గుట్టలు నల్లని రాతి గోడలా వెంట వస్తాయి. మున్నార్‌లో గది రోజుకు 1,800 రూపాయలు; శుభ్రంగా ఉంది, వేడినీళ్ళకు గడువు లేదు.

ఇక అసలు సంగతి. ఆ సాయంత్రం బజారులో టీ తాగుతుంటే ఒక యువకుడు పలకరించి, తన దుకాణంలోకి తీసుకువెళ్ళి, ఆనముడి ఫోటోలున్న అట్ట చూపించాడు. ఫిబ్రవరిలో వరయాళ్ళు, అంటే నీలగిరి కొండమేకలు, ఈనే కాలం వస్తుందనీ, అప్పుడు ఉద్యానవనం మూసేస్తారనీ, ఇదే చివరి అవకాశమనీ తొందరపెట్టాడు. ఏటా ఫిబ్రవరి, మార్చి నెలల్లో మూయడం మామూలే కాబట్టి ఆ మాట అబద్ధం కాదు. నిజాన్ని ముందు పెట్టి దాని వెనుక అబద్ధాన్ని నడిపించడంలోనే అతని నేర్పు ఉంది. మనిషికి 2,500 చొప్పున ఇద్దరికి ఐదు వేలు, జీపుకు 1,600. మా ఆవిడ, “నాకు దొడ్డబెట్ట చాలు, మీరు వెళ్ళిరండి” అని తప్పుకోవడంతో మరో 2,500 మిగిలింది.

తెల్లవారుజామున ఐదింటికి జీపు వచ్చింది. తేయాకు తోటల మధ్య మట్టి దారిలో ముప్పావు గంట కుదుపులు, తరువాత రెండు గంటల నడక. నడక బాగుందని ఒప్పుకోక తప్పదు. జలగలు లేవు, గాలి చల్లగా ఉంది, వెంట వచ్చిన కుర్రవాడు మర్యాదస్తుడు. ఎక్కడా అటవీ శాఖ గేటు గానీ, టిక్కెట్టు గానీ కనబడకపోవడం నాకు వింతగా అనిపించినా, ఆయాసంలో పట్టించుకోలేదు. చివరి మిట్ట ఎక్కి కుర్రవాడు, “సమ్మిట్, సార్” అని చెయ్యి ఊపాడు. మా బావమరిది అభినందనలు అందుకోకుండా ఫోను తీశాడు. 2,080 మీటర్లు. ఫోను తప్పు చూపిస్తున్నదేమోనని రెండుసార్లు ఆపి మళ్ళీ చూశాడు. ఆ తరువాత తలెత్తి, ఎదురుగా ఎంతో దూరాన, మాకన్నా ఆరువందల మీటర్లు ఎత్తున, ఏనుగు కుంభస్థలంలా నున్నగా నిలబడిన రాతి కొండను చూపించి, “మరి అదేమిటి?” అని అడిగాడు. కుర్రవాడు ఏ సంకోచమూ లేకుండా, “అదే ఆనముడి, సార్” అన్నాడు.

రసీదు తీసి చూస్తే, ‘ఆనముడి’ అని పెద్ద అక్షరాల్లోనూ, దాని కింద ‘వ్యూ ట్రెక్’ అని చీమల్లాంటి అక్షరాల్లోనూ ఉంది. సాయంత్రం దుకాణానికి వెళ్ళి గంటసేపు వాదించాము. నోటితో చెప్పినదానికి రుజువు లేదు. ‘ఆనముడి కనిపించిందా లేదా’ అన్నది వాళ్ళ ప్రశ్న. కనిపించిందని ఒప్పుకోక తప్పలేదు. చివరకు పావుకిలో టీ పొడి పొట్లాలు రెండు చేతిలో పెట్టి పంపించారు. బావమరిది తన పొట్లాన్ని అక్కడే బల్ల మీద వదిలేసి వచ్చాడు. నేను తెచ్చుకున్నాను, టీ బాగానే ఉంది. ముప్పయ్యేళ్ళు లెవెల్స్ తీసినవాడిని ఆరువందల మీటర్లు మోసం చేశారన్న బాధతో అతను రాత్రి భోజనం కూడా సరిగా చేయలేదు. “పోనీలేరా, డబ్బు మీ బావగారిది” అని మా ఆవిడ అన్న ఓదార్పు ఇద్దరిలో ఎవరికీ పనిచేయలేదు.

మర్నాడు ఎరవికుళం వెళ్ళాము. గేటు దగ్గర టిక్కెట్టు తీసుకుంటే ఉద్యానవనం వాళ్ళ బస్సే రాజమల మీదికి తీసుకువెళుతుంది. వరుసలో నిలబడకుండా ముందురోజే ఆన్‌లైన్‌లో తీసుకోవడం మంచిది. బస్సు దిగాక ఒక కిలోమీటరు పైచిలుకు తారు దారిలో నడవాలి. ఎడమ పక్కనా కుడి పక్కనా వరయాళ్ళు మనుషులను లెక్కచేయకుండా మేస్తుంటాయి. ఒకటి మా ఆవిడ సంచీని వాసన చూసి వెళ్ళిపోయింది. తమిళనాడుకు రాష్ట్ర జంతువైన ఈ మేకల పెద్ద మందలు కేరళలోని ఈ కొండ మీద ఉండడం చమత్కారంగా అనిపించింది. పన్నెండేళ్ళకు ఒకసారి పూసే నీలకురింజి 2018లో పూసింది, మళ్ళీ 2030లో పూయాలి. దారి ముగిసిన చోట ఆనముడి రాతి పక్క నిటారుగా లేస్తుంది. 1862లో మద్రాసు సైన్యానికి చెందిన డగ్లస్ హామిల్టన్ దీనిని ఎక్కాడు. ఇప్పుడు అక్కడ ఒక తాడు, ఒక బోర్డు, ఒక వాచరు ఉన్నారు. మా కథ విని ఆ వాచరు నవ్వలేదు. ప్రతి వారమూ ఇలాంటివారు ఒకరిద్దరు వస్తారని మాత్రం చెప్పాడు. బావమరిది ఆ తాడు దగ్గర ఇరవై నిమిషాలు ఏమీ మాట్లాడకుండా నిలబడ్డాడు. దొడ్డబెట్ట మీద ఐదు నిమిషాలకే బజ్జీల వైపు నడిచినవాడు, ఎక్కనివ్వని కొండ ముందు ఇంతసేపు ఉన్నాడు.

ఎక్కి తీరాలనే పట్టుదల ఉన్నవారికి మున్నార్ దగ్గరే మీశపులిమల ఉంది. 2,640 మీటర్లు, అంటే దొడ్డబెట్ట కన్నా మూడు మీటర్లు ఎక్కువే. అయితే ఆనముడితో ఎత్తయిన గట్ల మీదుగా కలిసిపోయి ఉండడం వల్ల సొంత ఎత్తు లెక్కలో వెనకబడుతుంది. కేరళ అటవీ అభివృద్ధి సంస్థ ద్వారా నమోదు చేసుకొని దాన్ని ఎక్కవచ్చు. మాకు అప్పటికి రోజులు చాలలేదు.

గురువాయూరు దర్శనం ఏ ఇబ్బందీ లేకుండా జరిగింది. త్రిశ్శూరులో రైలు ఎక్కేనాటికి ముగ్గురికీ కలిపి 38,450 రూపాయలు ఖర్చయింది. అందులో ఆ 6,600ను బావమరిది ‘ఇతరములు’ అనే పద్దు కింద రాశాడు. రసీదు నా దగ్గరే ఉంది. భూతద్దం పెట్టి చూస్తే ‘వ్యూ’ అన్న మాట పక్కన, వాతావరణం బాగుంటేనే కనిపిస్తుందన్న షరతు కూడా ఉంది.