సీల్ తీసిన పౌడర్ డబ్బా కొనకండి: సొంతంగా పిస్టల్ తూటాలు లోడ్ చేసుకునేవాళ్ళకు జాగ్రత్త

పోయిన నెల డాలస్ దగ్గర ఒక గన్ షోలో 30 డాలర్లు పెట్టి కొన్న తుపాకి మందు డబ్బాలో లేబుల్ మీద ఉన్న పౌడర్ లేదు, వేరేది ఉంది. అదృష్టం బాగుండి ఒక్క తూటా కూడా లోడ్ చేయకముందే బయటపడింది. ఇంకో నిమిషం ఆలస్యమైతే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ చేతులు వణుకుతున్నాయి. అమెరికాలో రీలోడింగ్ (తూటాలు సొంతంగా నింపుకోవడం) చేసే మనవాళ్ళు నాకు తెలిసినంతలోనే పదిమంది దాకా ఉన్నారు. అందులో ఇద్దరు కొత్తగా మొదలుపెడుతూ, పౌడర్ ఎక్కడ చవగ్గా దొరుకుతుందని నన్నే అడిగారు. వాళ్ళకు విడివిడిగా చెప్పే బదులు అందరికీ పనికొస్తుందని ఇక్కడ రాస్తున్నాను.

నేను మూడేళ్ళుగా 9 ఎంఎం, .38 స్పెషల్ రకం తూటాలు లోడ్ చేస్తున్నాను. రెండేళ్ళ నుంచి ఒకటే పౌడర్. అది అయిపోవస్తోంది, షాపుల్లో దొరకడం లేదు. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు పౌడర్, ప్రైమర్లు (తూటా అడుగున ఉండి పౌడర్‌కి నిప్పు రాజేసేవి) అరల మీద నుంచి మాయమయ్యాయి. తర్వాత యుక్రెయిన్ యుద్ధంతో పౌడర్‌కి ముడిసరుకైన నైట్రోసెల్యులోజ్‌కే కొరత వచ్చింది. కావలసిన పేరు కావలసినప్పుడు దొరకడం అప్పటి నుంచి గగనమే. ఈ కరువులోనే మోసాలు మొలుస్తాయి. నేను రెండుసార్లు పడ్డాను.

మొదటిది ఆన్‌లైన్‌లో. అన్ని చోట్లా అయిపోయిన పౌడర్ ఒక సైటులో మాత్రం ఉంది. 8 పౌండ్ల జగ్గు 159 డాలర్లు, బయట దానికి దాదాపు రెట్టింపు. షిప్పింగ్ ఉచితం, హజ్‌మట్ ఫీజు (ప్రమాదకర సరుకు పంపడానికి వేసే అదనపు రుసుము) లేదు. సైటు చాలా నీటుగా ఉంది, ఫోటోలు అసలు కంపెనీవే. డబ్బు కట్టే దగ్గర కార్డు పనిచేయడం లేదు, జెల్‌లో (బ్యాంకు ఖాతా నుంచి నేరుగా డబ్బు పంపే పద్ధతి) పంపండి అన్నారు. పంపాను. రెండు రోజులకి ఇన్సూరెన్స్ కోసమని ఇంకో 120 అడిగారు. అప్పుడు కళ్ళు తెరుచుకున్నాయి. బ్యాంకుకి ఫోన్ చేస్తే, మీరే పంపారు కాబట్టి మేం వెనక్కి తెప్పించలేమన్నారు. క్రెడిట్ కార్డు అయితే స్టేట్‌మెంట్ వచ్చిన 60 రోజుల్లోపు రాతపూర్వకంగా వివాదం వేసే హక్కు చట్టంలోనే ఉంది. జెల్, వెన్మో, క్రిప్టోలకి ఆ రక్షణ లేదు.

అసలు నేను అక్కడే ఆగాల్సింది. పౌడర్ ప్రమాదకర సరుకు. దాన్ని యూపీఎస్, ఫెడెక్స్ లాంటివాళ్ళు నేల మార్గంలో, హజ్‌మట్ ఫీజు తీసుకుని తెస్తారు. అమెరికా పోస్టాఫీసు తపాలాలో పంపడం నిషిద్ధం. కాబట్టి హజ్‌మట్ ఫీజు లేకుండా పంపుతామనేవాడు, పోస్టులో పంపుతామనేవాడు పౌడర్ అమ్మేవాడు కాదు. పేరున్న షాపులు పండగ ఆఫర్లలో ఫీజు మాఫీ చేస్తాయి, కానీ అప్పుడు ఆ సంగతి బిల్లులోనే కనిపిస్తుంది. సైటు ఎప్పుడు రిజిస్టర్ అయిందో వెతికితే రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది. నేను డబ్బు పంపిన సైటు వయసు ఐదు వారాలు. పంపాక చూశాను.

ఇది డబ్బుతో పోయింది. రెండోది అలా కాదు.

గన్ షోలో ఒక టేబుల్ దగ్గర ఒక పెద్దాయన పాత రీలోడింగ్ సామాను అమ్ముతున్నాడు. డైలు (తూటాని ఆకారానికి నొక్కే అచ్చులు), ఇత్తడి కేసులు (పౌడర్ నింపే తూటా గొట్టాలు), నాలుగైదు పౌడర్ డబ్బాలు. అందులో నేను వాడే పౌడర్ డబ్బా కనిపించింది. మూత సీల్ లేదు, ముప్పాతిక వంతు నిండి ఉంది. పైన నల్ల పెన్నుతో తేదీ రాసి ఉంది. "కొంచెం వాడి పక్కన పెట్టాను, బాగానే ఉంది" అన్నాడు. మూత తీసి వాసన చూశాను. ఘాటుగా, ఆమ్లం వాసన రాలేదు, ఎర్రటి ధూళి లేదు. పౌడర్ పాడైతే ఆ రెండూ కనిపిస్తాయని చదివి ఉన్నాను కదా, బాగుందనుకుని కొనేశాను. పాడైందా లేదా అని చూశానే గానీ, లోపల ఉన్నది అసలు అదేనా అని చూడాలని తట్టలేదు.

ఆ శనివారం రాత్రి పిల్లలు పడుకున్నాక గరాజ్‌లో కూర్చున్నాను. కొత్త డబ్బా పౌడర్‌ని మెజర్‌లో పోశాను. మెజర్ అంటే పిడి ఒకసారి కొడితే పెట్టిన కొలత ప్రకారం పౌడర్ వదిలే పరికరం. అది పరిమాణాన్ని కొలుస్తుంది, బరువుని కాదు. నేను కొలత మార్చే నాబ్ కదల్చలేదు, పాత పౌడర్‌కి పెట్టిన చోటే ఉంది. పాతది ఒక్కో దెబ్బకి 4.4 గ్రెయిన్లు (గ్రెయిన్ అంటే పౌండులో 7000వ వంతు బరువు) పడేది. త్రాసు మీద ఈసారి 2.9 చూపించింది. మళ్ళీ వేశాను, 2.8. త్రాసు తప్పు చూపిస్తోందేమోనని చెక్ వెయిట్ పెట్టి చూశాను. సరిగ్గానే ఉంది.

ఇక్కడ నేను చేయబోయిన పని చెప్పాలి. తక్కువ పడుతోంది కదా, 4.4 వచ్చేదాకా నాబ్ తిప్పుదామని చేయి వేశాను. నిజంగానే వేశాను. అంతలో ఎందుకో అనుమానం వచ్చి, పాత డబ్బా అడుగున మిగిలిన చిటికెడు పౌడర్ తెల్ల కాగితం మీద పోసి, పక్కన కొత్తది చిటికెడు పోశాను. పాతది నొక్కిన సన్నటి గోళీల్లా, ఆవగింజని చదును చేసినట్టు ఉంది. కొత్తది పలచటి రేకులు. గుండ్రంగా కత్తిరించిన కాగితం ముక్కల్లా, మధ్యలో బూడిదరంగువి కొన్ని. రెండు రకాలు కలిసిపోయి ఉన్నాయని కూడా నా అనుమానం.

రేకుల పౌడర్లలో వేగంగా కాలేవి చాలా ఉన్నాయి. నెమ్మదిగా కాలే పౌడర్‌కి రాసిన బరువుని వేగంగా కాలేదానితో నింపితే కేసులో ఒత్తిడి ఎక్కడికి పోతుందో చెప్పలేం. 9 ఎంఎంకి అమెరికా పరిశ్రమ ప్రమాణం పెట్టిన గరిష్ఠ ఒత్తిడి చదరపు అంగుళానికి 35,000 పౌండ్లు. మామూలుగా పేలే తూటాయే మన గుప్పిట్లో, మొహానికి రెండడుగుల దూరంలో ఆ పరిధిలో పనిచేస్తుంది. .38 స్పెషల్‌కి పరిమితి 17,000 మాత్రమే. అది బాగా దాటితే ప్రైమర్ చదునవొచ్చు, కేసు చీలొచ్చు, చివరికి తుపాకే పగలొచ్చు. మా రేంజ్‌లో గోడకి ఒక రివాల్వర్ తగిలించి ఉంది. పైభాగం విరిగిపోయి, సిలిండర్‌లో సగం లేదు. కొత్తవాళ్ళు చూడాలనే అక్కడ పెట్టారు.

మర్నాడు మా క్లబ్బులో నలభై ఏళ్ళుగా లోడ్ చేస్తున్న పెద్దాయనకి ఆ రెండు చిటికెలూ కాగితంలో చుట్టి తీసుకెళ్ళి చూపించాను. ఇది ఏ పౌడర్ అని అడిగితే ఆయన చెప్పనన్నాడు. చూసి పౌడర్ పేరు చెప్పేవాడి మాట ఎప్పుడూ నమ్మొద్దన్నాడు. ఆ మాట నాకు బాగా పట్టింది. రెండు పౌడర్లు వేరుగా కనిపిస్తే అవి ఒకటి కావని అనుమానించవచ్చు. కానీ ఒకేలా కనిపించినంత మాత్రాన ఒకటే అని అనుకోకూడదు. నల్లటి చిన్న గోళీల్లా ఉండే పౌడర్లు ఎన్నో ఉన్నాయి, కాలే వేగం ఒక్కోదానిది ఒక్కోటి. నా డబ్బాలో పోసినవాడు నాకు తెలిసిన ఆకారంలో ఉన్న ఇంకో పౌడర్ పోసి ఉంటే, మెజర్‌లో బరువు కూడా దగ్గరగా పడి ఉంటే, నేను కనిపెట్టేవాడిని కాదు.

ఆ పౌడర్ ఎవరికీ ఇవ్వలేదు, ఇంకో డబ్బాలో పోయలేదు. క్లబ్బు పెద్దాయన చెప్పినట్టు పెరట్లో గడ్డి మీద చాలా పలచగా చల్లి నీళ్ళు పెట్టాను. డబ్బా లేబుల్ చింపేసి పారేశాను. చెత్తబుట్టలోనో, సింకులోనో పోయకండి. నా తప్పులో డబ్బా కంపెనీకి ఏ సంబంధమూ లేదు, అందుకే ఆ పేరు రాయడం లేదు.

కొత్తవాళ్ళు అడిగిన అసలు ప్రశ్నకి వస్తాను, ఏ పౌడర్ కొనాలని. చాలామంది లెక్క ఇలా వేస్తారు: పౌండుకి 7000 గ్రెయిన్లు, తూటాకి తక్కువ గ్రెయిన్లు పట్టే పౌడర్ అయితే ఎక్కువ తూటాలు వస్తాయి, అది కొందాం. డబ్బు లెక్క సరైనదే. కానీ తక్కువ పట్టే వేగమైన పౌడర్ కేసు అడుగున చిన్న పొరలా ఉంటుంది. పొరపాటున రెండుసార్లు పడినా పైకి తెలియదు. .38 స్పెషల్‌లో ఇది మరీ ప్రమాదం. ఆ కేసుని 1898లో ఎక్కువ చోటు పట్టే పాతకాలపు బ్లాక్ పౌడర్ కోసం అంత పొడుగ్గా చేశారు. ఇప్పటి పౌడర్ నాలుగైదు గ్రెయిన్లు వేస్తే కేసు చాలావరకు ఖాళీ, రెండు మోతాదులు పడ్డా ఇంకా చోటుంటుంది. అందుకే మొదటి ఏడాది కేసులో సగానికి మించి నిండే పౌడర్ తీసుకోండి. రెండోసారి పడితే పైకి పొంగి కనిపిస్తుంది. తూటాకి ఒక సెంటో రెండు సెంట్లో ఎక్కువవుతుంది, అంతే. బుల్లెట్ పెట్టేముందు ప్రతి కేసులోకీ లైటు వేసి చూడడం ఏ పౌడర్‌తోనైనా మానకండి.

కావలసింది దొరకనప్పుడు దీని బదులు అది వాడొచ్చా అనే ప్రశ్న అందరికీ వస్తుంది. హాజ్‌డన్ హెచ్‌పీ-38, వించెస్టర్ 231 ఒకటే పౌడర్, రెండు పేర్లతో అమ్ముతారు. ఇలాంటి జంటలు చాలా కొద్ది. పేరులో ఒకే అంకె ఉంటే ఒకటే అనుకునేవాళ్ళున్నారు. రైఫిల్ పౌడర్లలో ఐఎంఆర్ 4895, హెచ్ 4895 అలాంటివే, వాటికి డేటా (ఏ బుల్లెట్‌కి ఎంత పౌడర్ వేయాలనే పట్టిక) వేరు వేరు. కాలే వేగం వరుసగా రాసిన చార్టులు కూడా ఉజ్జాయింపుకే తప్ప, పక్కపక్కన ఉన్నాయని ఒకదాని బరువు ఇంకోదానికి వాడడానికి కాదు. దొరికిన పౌడర్‌కి ఆ కంపెనీ వాళ్ళే ఇచ్చిన డేటా తెరిచి, మీ బుల్లెట్ బరువుకి అందులో మొదలుపెట్టమని రాసిన తక్కువ మోతాదు దగ్గర మొదలుపెట్టండి. డేటా దొరక్కపోతే ఆ పౌడర్ కొనకండి.

మనవాళ్ళలో ఇంకో అలవాటు ఉంది. హజ్‌మట్ ఫీజు కలిసొస్తుందని నలుగురూ కలిసి 8 పౌండ్ల జగ్గు తెప్పించి, ఖాళీ సీసాల్లో పంచుకుంటారు. దయచేసి వద్దు. నా డబ్బా కథ కూడా బహుశా ఎక్కడో ఇలాగే మొదలై ఉంటుంది. ఫీజు షిప్‌మెంటుకి ఒక్కసారే పడుతుంది కాబట్టి, ఒకే ఆర్డరులో నాలుగు పౌండు డబ్బాలు తెప్పించుకుని ఎవరి సీల్ డబ్బా వాళ్ళు తీసుకోండి. లాట్ నంబరు ఫోటో తీసి పెట్టుకోండి. లోడ్ చేసేటప్పుడు బల్ల మీద ఒకే డబ్బా ఉండాలి. పని అయ్యాక మెజర్‌లో మిగిలింది వెంటనే అదే డబ్బాలోకి పోయాలి.

వీసా మీద ఉన్న తమ్ముళ్ళకి ఒక మాట. అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం తూటాల కోసం చేసిన పౌడర్, ప్రైమర్, కేసు, బుల్లెట్ విడివిడిగా ఉన్నా అన్నీ "ఆమ్యూనిషన్" కిందకే వస్తాయి. హెచ్-1బీ, ఎఫ్-1 లాంటి నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్ళు హంటింగ్ లైసెన్సు లాంటి మినహాయింపు లేకుండా వాటిని దగ్గర పెట్టుకోవడం నేరం. గ్రీన్ కార్డుకి ఏళ్ళ తరబడి ఎదురుచూస్తూ ఒక పౌడర్ డబ్బా కోసం దాన్ని పోగొట్టుకోకండి. లాయరుని అడిగాకే ముట్టుకోండి. ఇక ఊరెళ్ళేటప్పుడు సూట్‌కేసులో పెట్టే ఆలోచన ఎవరికైనా ఉంటే, విమానంలో పౌడర్ చెక్-ఇన్ సామానులోనూ కుదరదు, చేతి సంచిలోనూ కుదరదు. ఇండియాలో లైసెన్సు లేకుండా తూటాలు తయారు చేయడం ఆయుధాల చట్టం, 1959 కింద నేరం.

పోయిన నెల డాలస్ దగ్గర గన్ షోలో, పాత డైలూ ఇత్తడి కేసులూ పెట్టిన టేబుల్ దగ్గర, మూత మీద నల్ల పెన్నుతో తేదీ రాసిన పౌడర్ డబ్బా మీలో ఎవరైనా కొన్నారా? అక్కడ అలాంటివి ఇంకా మూడు నాలుగు ఉన్నాయి. కొనుంటే ఆ పౌడర్ వాడకండి. దానితో ఇప్పటికే లోడ్ చేసి ఉంటే ఆ తూటాలు ఒక్కటి కూడా పేల్చకుండా పక్కన పెట్టి నాకు రాయండి. బుల్లెట్ పుల్లర్ నా దగ్గర ఉంది, కూర్చుని అన్నీ విప్పేద్దాం.