బెంగళూరు నుంచే వేయాలా, ముందు అమెరికా వెళ్లి వేయాలా? భార్య గ్రీన్ కార్డుకు ఏది మేలు

మారతహళ్లి నుంచి వైట్‌ఫీల్డ్ దాకా మన తెలుగువాళ్లుండే ఏ అపార్ట్‌మెంట్‌లో చూసినా ఇలాంటి జంట ఒకటి తగులుతుంది. ఆయన చేతిలో అమెరికా పాస్‌పోర్టు, ఓసీఐ కార్డు. ఆవిడది మన పాస్‌పోర్టే. ఆయన రెండు రకాల్లో ఒకరకం అయి ఉంటాడు. పదిహేనేళ్లు అక్కడ ఉద్యోగం చేసి, సిటిజన్‌షిప్ తీసుకుని, అమ్మానాన్నల కోసం వెనక్కి వచ్చేసినవాడు ఒకరకం. వాళ్ల నాన్న అక్కడ పనిచేసే రోజుల్లో డాలస్‌లో పుట్టి, మూడో ఏట తిరిగొచ్చి, గుంటూరులో పెరిగి, ఇక్కడే ఇంజినీరింగ్ చదివినవాడు రెండోరకం. అమెరికా వెళ్లిపోదాం అనుకున్నాక రెండిళ్లలోనూ మొదలయ్యే చర్చ మాత్రం ఒకటే. ఆయన ముందు వెళ్లి అక్కణ్నుంచి ఆవిడకు వేయాలా, ఇద్దరూ బెంగళూరులోనే ఉండి వేసుకోవాలా?

"ముందు అల్లుణ్ని వెళ్లమనండి, వెనకాలే పిల్ల వెళ్తుంది" అని పెద్దవాళ్లు అంటారు. అది హెచ్-1 ఉద్యోగ వీసా, దాని మీద భార్యకు వచ్చే హెచ్-4 వీసా రోజుల లెక్క. అప్పుడు ఆయన వెళ్లిన కొద్ది నెలలకే ఆవిడా విమానం ఎక్కేది. గ్రీన్ కార్డు సంగతి అలా ఉండదు. నా మాట ముందే చెప్పేస్తాను: అప్లికేషన్ ఇక్కణ్నుంచే వేయండి, ఆయన ప్రయాణం చివరికి పెట్టుకోండి. రెండోరకం వాళ్లకు ఇందులో చిన్న మెలిక ఉంది, దాని దగ్గరికి వస్తాను. ఆవిడ సిటిజన్, ఆయన ఇండియన్ అయినా రూల్స్ ఇవే. కానీ సిటిజన్‌షిప్ కాకుండా ఉన్నది గ్రీన్ కార్డే అయితే ఈ లెక్కలు పనికిరావు. గ్రీన్ కార్డు పెట్టుకుని ఏళ్ల తరబడి బెంగళూరులో ఉంటే ముందు ఆ కార్డుకే ఎసరు.

ఎక్కణ్నుంచి వేసినా లైన్ ఒకటే

భార్య కోసం సిటిజన్ వేసేది ఐ-130 పిటిషన్. అమెరికా ఇమిగ్రేషన్ శాఖ యూఎస్‌సీఐఎస్ సైట్‌లో ఆన్‌లైన్‌లో వేసెయ్యొచ్చు. 2024 ఏప్రిల్ 1 నుంచి ఫీజు 625 డాలర్లు, కాగితాల మీద పంపితే 675. వేసే రోజున మీరు ఏ దేశంలో ఉన్నారన్న పట్టింపు ఆ ఫారానికి లేదు, అడ్రస్ బెళ్లందూరు అని రాసినా తీసుకుంటుంది. డాలస్‌లో ఫ్లాట్ అద్దెకు తీసుకుని వేసినవాడూ అదే క్యూలో నిలబడతాడు. సిటిజన్ల భార్యాభర్తలకు కోటా లేదు కాబట్టి ఉద్యోగం మీద వచ్చే గ్రీన్ కార్డుల్లా ఏళ్లూ పూళ్లూ పట్టదు. అయినా పిటిషన్ అప్రూవ్ కావడానికే ఏడాది దాటడం ఇప్పుడు మామూలైపోయింది. ఆ తర్వాత ఫీజులు, కాగితాలు తీసుకునే నేషనల్ వీసా సెంటర్, ఆ తర్వాత ఇంటర్వ్యూ తేదీ కోసం ఎదురుచూపు. ఇంతకాలం ఆయన అక్కడ, ఆవిడ ఇక్కడ ఉండి, రెండు అద్దెలు కట్టి సాధించేదేముంది?

"ఢిల్లీలో వేస్తే గబగబా అయిపోతుంది" అని చెప్పేవాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్లు చెప్పేది అబద్ధం కాదు, పాత మాట. విదేశాల్లో ఉండే సిటిజన్లు అక్కడి యూఎస్‌సీఐఎస్ ఆఫీసులోనే ఐ-130 ఇచ్చే వెసులుబాటు 2020 జనవరి 31తో ముగిసింది. నిజంగా అత్యవసరమైన కొన్ని కేసుల్ని కాన్సులేట్లు ఇప్పటికీ తీసుకోవచ్చు గానీ, మాకు తొందరగా ఉందండీ అంటే వినరు. 2025 జనవరిలో బెంగళూరులోనే అమెరికా కాన్సులేట్ మొదలైంది కదా, ఇంటర్వ్యూ ఇక్కడే పెడతారేమో అన్నది ఇంకో ఆశ. భార్యాభర్తల ఇమిగ్రెంట్ వీసా ఇంటర్వ్యూ ముంబైలో, బాంద్రా కుర్లా కాంప్లెక్స్‌లో ఉంటుంది. టూరిస్టు వీసాకు చెన్నై వెళ్లొచ్చిన అలవాటు కొద్దీ చెన్నై రైలు టికెట్లు తీయకండి.

కలిసుంటే కాగితాలు వాటంతటవే పుడతాయి

ఆఫీసర్ మొదట తేల్చుకోవాల్సింది ఇది నిజమైన కాపురమా, కార్డు కోసం కట్టిన తాళా అని. ఒకే ఇంట్లో ఉన్నవాళ్లకు ఇందులో పెద్ద కష్టం లేదు. జాయింట్ అకౌంట్, ఆఫీసు ఇన్సూరెన్స్‌లో భార్య పేరు, పీఎఫ్ నామినీ, ఇద్దరూ కలిసి చేసిన ప్రయాణాలు, రెండువైపుల చుట్టాలతో ఫొటోలు. ఒక్క లోటు మాత్రం చాలామంది దగ్గర చూస్తుంటాను. బెంగళూరులో పదకొండు నెలల రెంటల్ అగ్రిమెంట్ ఎప్పుడూ ఒక్కరి పేరు మీదే ఉంటుంది, బెస్కాం బిల్లేమో ఓనరు పేరు మీద ఉంటుంది. ఈసారి రెన్యువల్‌లో ఇద్దరి పేర్లూ రాయించండి. ఓనరు "ఎందుకమ్మా ఇప్పుడు" అంటే, స్టాంపు పేపరు ఖర్చు మాదే అనండి.

ఆయన ముందు వెళ్లిపోయిన జంటలకు వాట్సాప్ కాల్ లిస్టులు, పంపిన డబ్బుల రసీదులు, వచ్చిపోయిన టికెట్లు దిక్కు. వాటితోనూ వీసాలు వస్తాయి. కానీ పెళ్లయిన మూడు నెలలకే విడిపోయి ఉంటున్న కొత్త జంటకు ఆ ఫైలు పల్చగా కనిపిస్తుంది.

ముందు వెళ్లాలనే వాదనకు బలం ఎక్కడుంది

బలం లేకపోలేదు. అదంతా ఐ-864లో ఉంది. భార్యను పోషించే బాధ్యత నాది అని సిటిజన్ ప్రభుత్వానికి రాసిచ్చే పత్రం అది. అది రెండు ప్రశ్నలు వేస్తుంది: నీ నివాసం అమెరికాలో ఉందా, నీ ఆదాయం సరిపోతుందా.

నివాసం అంటే ఈ రోజే అక్కడ ఉండాలని కాదు. ఆవిడ అక్కడ అడుగుపెట్టే నాటికి, ఆవిడతో పాటో అంతకు ముందో, ఆయన అక్కడ స్థిరపడబోతున్నాడని చూపిస్తే చాలు. మాటల్లో కాదు, పనుల్లో చూపించాలి. ఉద్యోగం ఆఫర్, ఇంటి లీజు, అక్కడి బ్యాంకు అకౌంటు, డ్రైవింగ్ లైసెన్సు, ఓటరు నమోదు, సామాను పంపడానికి షిప్పింగ్ కంపెనీతో మాట్లాడిన కొటేషన్ లాంటివి. మొదటిరకం వాళ్ల దగ్గర ఇందులో సగం ఇప్పటికే ఉంటాయి.

ఆదాయం దగ్గరే బెంగళూరు జీతగాళ్లు బోల్తా పడతారు. కావాల్సింది పేదరిక రేఖకు 125 శాతం. 2025 లెక్కలో ఇద్దరున్న ఇంటికి ఏడాదికి సుమారు 26,400 డాలర్లు. మనవాళ్ల జీతాన్ని డాలర్లలోకి మారిస్తే చాలామందికి అంతకంటే ఎక్కువే వస్తుంది. కానీ అక్కడికి వెళ్లాక ఆగిపోయే జీతాన్ని లెక్కలోకి తీసుకోరు. అదే కంపెనీ అమెరికా ఆఫీసుకు మారుస్తున్నట్టు లెటర్ ఇస్తే అప్పుడు పనికొస్తుంది. లేదంటే ఆస్తులు చూపాలి. ఎంత తక్కువైతే దానికి మూడు రెట్లు ఉండాలి, నగదుగా మార్చుకోగలిగినవై ఉండాలి. అదీ కుదరకపోతే అక్కడున్న సిటిజనో గ్రీన్ కార్డు ఉన్నవాళ్లో జాయింట్ స్పాన్సర్‌గా సంతకం పెట్టాలి.

ఈ సంతకం సంగతి కాస్త వివరంగా చెప్పాలి. న్యూజెర్సీ బాబాయికి ఫోన్ చేసి "ఊరికే ఒక ఫారం బాబాయ్" అని అడిగేస్తుంటారు. ఊరికే కాదు. అమ్మాయి సిటిజన్ అయ్యేదాకానో, సుమారు పదేళ్ల పనికి సమానమైన 40 క్వార్టర్ల లెక్క పూర్తయ్యేదాకానో ఆ బాధ్యత బాబాయి మెడకే ఉంటుంది. ఈలోగా విడాకులైనా పోదు. పిన్ని వెనకాడిందంటే తప్పు పట్టకండి. బాబాయి సంతకం పెట్టినా భర్త తన ఐ-864 తాను విడిగా ఇవ్వాల్సిందే, నివాసం ప్రశ్న అతన్ని వదలదు.

ఐ-864తో పాటు అమెరికా ట్యాక్స్ రిటర్న్ కూడా చూపాలి, అక్కడే అసలు చిక్కు. అమెరికా సిటిజన్ బెంగళూరులో సంపాదించినా ఏటా అక్కడ రిటర్న్ వేయాలి. 2025కు 1,30,000 డాలర్ల దాకా విదేశీ జీతం మినహాయింపు ఉంది కాబట్టి చాలామందికి కట్టాల్సింది సున్నా, కానీ వేయడం మాత్రం తప్పదు. ఇక్కడి అకౌంట్లన్నీ కలిపి 10,000 డాలర్లు దాటితే విదేశీ అకౌంట్ల వివరాలిచ్చే ఎఫ్‌బార్ కూడా. గుంటూరులో పెరిగిన మన రెండోరకం అబ్బాయికి ఈ ముక్క ఇరవై ఎనిమిదేళ్లు వచ్చేదాకా ఎవరూ చెప్పి ఉండరు. కావాలని ఎగ్గొట్టనివాళ్లకు స్ట్రీమ్‌లైన్డ్ పద్ధతి ఉంది. గడిచిన మూడేళ్ల రిటర్న్‌లు, ఆరేళ్ల ఎఫ్‌బార్లు వేస్తే ఒడ్డున పడొచ్చు. ఐ-130 క్యూలో ఉండే ఆ ఏడాదిలో చేసుకోవాల్సిన పని ఇదే.

మెలిక అన్నది ఇక్కడే. అక్కడ అకౌంటు లేదు, లైసెన్సు లేదు, ఒక్కనాడూ ఉద్యోగం చేయలేదు అన్నప్పుడు స్థిరపడబోతున్నానని నమ్మించడం కష్టం. పైగా నేషనల్ వీసా సెంటర్ ఫీజులు, 325, 120 డాలర్లు, అమెరికా బ్యాంకు అకౌంటు నుంచే కట్టాలి. అందుకని రెండోరకం వాళ్లు ఐ-130 అప్రూవ్ అయ్యాక, ఇంటర్వ్యూకు కొన్ని నెలల ముందు వెళ్లి ఉద్యోగం, ఇల్లు చూసుకోవడం మంచిది. అప్పటికీ ఎడబాటు నెలల్లోనే ఉంటుంది, ఏళ్లలో కాదు. మొదటిరకం వాళ్లకు ఆఫర్ లెటర్ చేతిలో ఉంటే ఇద్దరూ ఒకే విమానంలో వెళ్లొచ్చు.

ఆవిడ కంపెనీయే పంపిస్తే

ఈ రెండింటికంటే మేలైన దారి కొందరికి ఉంటుంది, అది ఆవిడ ఉద్యోగం. అవుటర్ రింగ్ రోడ్డు మీద ఉన్న బహుళజాతి కంపెనీల్లో ఏడాది పైగా చేస్తూ, మేనేజర్ స్థాయిలోనో ప్రత్యేక నైపుణ్యం ఉన్న పనిలోనో ఉంటే, కంపెనీ తన అమెరికా ఆఫీసుకు బదిలీ చేసే ఎల్-1 వీసా మీద పంపొచ్చు. గ్రీన్ కార్డు ఆలోచన ఉన్నా ఎల్-1కు అడ్డం కాదు. అక్కడ దిగాక, అమెరికాలో ఉంటూనే గ్రీన్ కార్డు అడిగే ఐ-485 వేసుకుంటే ముంబై ఇంటర్వ్యూ ఉండదు, ఎడబాటూ ఉండదు. ఐ-485కు 1,440 డాలర్లు, ఐ-130 ఫీజు అదనం. ఖర్చు ఎక్కువే, అయినా ఇద్దరూ ఒకచోట ఉంటూ సంపాదించుకుంటూ ఎదురుచూస్తారు. హెచ్-1బీ మీద ఇలాంటి ఆశ పెట్టుకోవద్దు. లాటరీ ఉండనే ఉంది, 2025 సెప్టెంబరు 21 నుంచి బయటి దేశాల్లో ఉన్నవారి కొత్త పిటిషన్లకు లక్ష డాలర్ల ఫీజు కూడా వచ్చి పడింది.

టూరిస్టు వీసా మీద వెళ్లి అక్కడే ఉండిపోయి గ్రీన్ కార్డుకు వేసే ఉపాయం చెప్పేవాళ్లుంటారు. ఆ ఉద్దేశం మనసులో పెట్టుకుని, ఎయిర్‌పోర్టులో చూసిపోవడానికి వచ్చానని చెబితే అది అబద్ధం చెప్పి ప్రవేశించడం కిందికి వస్తుంది, జీవితాంతం వెంటాడుతుంది. సిటిజన్ల భార్యాభర్తలకని పెట్టిన కే-3 వీసా కాగితం మీదే మిగిలింది, మర్చిపోండి.

కాబోయే భార్యాభర్తలకిచ్చే కే-1 వీసా గురించి నిశ్చితార్థం దగ్గర ఆగినవాళ్లు అడుగుతారు. పెళ్లి చేసుకుని వెళ్లే దారిలో ఫీజులు మొత్తం 1,305 డాలర్లయితే కే-1 దారిలో 2,380 దాకా అవుతాయి, పైగా అక్కడ దిగాక పని చేయడానికి మళ్లీ పర్మిట్. ఇందులో మనవాళ్లు పడే గొయ్యి ఒకటుంది. ఊళ్లో ఐదొందల మందికి భోజనాలు పెట్టి పెళ్లి చేసేసి, రిజిస్టర్ చేయించలేదు కదా అని కే-1కు వేస్తారు. హిందూ వివాహ చట్టం ఏడో సెక్షన్ ప్రకారం సప్తపది ఉన్న పెళ్లి ఏడో అడుగుతో పూర్తయినట్టే, రిజిస్ట్రేషన్ లేకపోయినా చెల్లుతుంది. పెళ్లయినవాళ్లకు కే-1 లేదు.

పొడి అక్షరాల గొడవ

ఎక్కణ్నుంచి వేసినా తప్పనిది పేర్ల గొడవ. టెన్త్ మెమోలో ఇంటిపేరు పొడి అక్షరం, పాస్‌పోర్టులో పూర్తిగా, పెళ్లి సర్టిఫికెట్‌లో అత్తవారి ఇంటిపేరు, బర్త్ సర్టిఫికెట్‌లో "ఆడశిశువు" అని తప్ప పేరే లేదు. పెళ్లయింది కాబట్టి ఇంటిపేరు మార్చాలన్న నియమం వీసాకు లేదు. మధ్యలో మార్చి ఇంకో రకం పేరు పుట్టించకండి. బర్త్ సర్టిఫికెట్‌లో పేరు ఎక్కించడానికి పుట్టిన ఊరి మున్సిపాలిటీ చుట్టూ తిరగాలి. శుక్రవారం రాత్రి బస్సెక్కి ఒంగోలు వెళ్తే శనివారం ఆఫీసు ఉంటుందో ఉండదో, సోమవారం సెలవు పెట్టుకునే వెళ్లండి. ఇక్కడ ఉండగానే ఆవిడ పక్కన నిలబడి ఈ పనులు చేయించే మనిషి ఉండడం ఎంత నయమో, ఫోన్‌లో డాలస్ నుంచి "అడిగావా, ఏమన్నారు" అని విసిగించే మొగుడున్న అమ్మాయిల్ని అడిగితే తెలుస్తుంది.

పోలీస్ క్లియరెన్స్ పాస్‌పోర్టు సేవా కేంద్రంలో 500 రూపాయలకు వస్తుంది. ఐ-130 వేసిన రోజే దానికి పరిగెత్తనక్కర్లేదు, నేషనల్ వీసా సెంటర్ దశలో తీసుకోవచ్చు.

మధ్యలో బిడ్డ పుడితే ఇంకో లెక్క. తల్లి కేసులో బిడ్డ చేరదు. తండ్రి అమెరికాలో మొత్తం ఐదేళ్లు, అందులో రెండేళ్లు పద్నాలుగో ఏడు దాటాక ఉండి ఉంటే బిడ్డ పుట్టుకతోనే సిటిజన్, చెన్నై కాన్సులేట్‌లో నమోదు చేయిస్తే సరిపోతుంది. మూడో ఏటే తిరిగొచ్చిన తండ్రికి ఆ ఐదేళ్లు ఉండవు, బిడ్డకు వేరే ఐ-130 వేయాలి.

టికెట్ తీసేముందు పెళ్లి తేదీ చూసుకోండి. అక్కడ దిగే నాటికి పెళ్లయి రెండేళ్లు నిండకపోతే వచ్చేది సీఆర్-1 కింద రెండేళ్ల షరతుల కార్డు. అది ముగిసే ముందు 90 రోజుల్లో ఐ-751 వేసి, 750 డాలర్లు కట్టి, కాపురం నిజమేనని మళ్లీ మొదట్నుంచీ చూపించుకోవాలి. రెండేళ్లు దాటి దిగితే ఐఆర్-1, పదేళ్ల కార్డు. వీసాకు మామూలుగా ఆరు నెలల గడువు ఉంటుంది కాబట్టి, పెళ్లిరోజు నెలో రెండు నెలలో ఉందంటే ప్రయాణం దాని తర్వాతకు జరుపుకోండి. వీసా మీద సీఆర్-1 అని అచ్చయి ఉన్నా, మ్యారేజ్ సర్టిఫికెట్ చేతి సంచిలో పెట్టుకుని, ఐఆర్-1గా మార్చి స్టాంపు వేయమని దిగిన చోట ఇమిగ్రేషన్ కౌంటర్‌లోనే అడగాలి.