గళ్ళ మీది ఆకారాల వైశాల్యాలు పోల్చడానికి జియోజీబ్రా ఎంతవరకు పనికొస్తుంది?

రెండు ఆకారాల శీర్షాల నిరూపకాలు చేతిలో ఉండి, దేని వైశాల్యం ఎక్కువో తేల్చాలంటే మేము మొదట సూచించేది జియోజీబ్రానే. మార్కుస్ హోహెన్‌వార్టర్ 2001లో ఆస్ట్రియాలోని జాల్జ్‌బుర్గ్ విశ్వవిద్యాలయంలో మొదలుపెట్టిన సాఫ్ట్‌వేర్ ఇది. చదువుకునేవాళ్ళకు, చదువు చెప్పేవాళ్ళకు ఉచితం. బ్రౌజర్‌లో నేరుగా తెరుచుకుంటుంది, ఫోన్‌లోనూ నడుస్తుంది. అయితే దాని సెట్టింగులు రెండుమూడు తెలియకపోతే, అది సరైన అంకె చూపిస్తున్నా మనం తప్పు నిర్ణయానికి వస్తాం.

పరీక్షకు ఈ జత తీసుకోండి. త్రిభుజం శీర్షాలు (1,1), (7,2), (3,6). సమాంతర చతుర్భుజం శీర్షాలు (0,0), (5,1), (7,4), (2,3). రెండింటినీ పక్కపక్కన గీసి చూస్తే ఏది పెద్దదో కంటితో చెప్పడం కష్టం. బిందువులను మౌస్‌తో గుచ్చకండి, ఇన్‌పుట్ వరుసలో నిరూపకాలు టైపు చేయండి. ముందు ఒక్కో బిందువునూ విడిగా ఇచ్చి, తర్వాత వాటి పేర్లతో పాలిగన్ (బహుభుజి) కమాండ్ రాయాలి. కమాండ్ లోపలే నేరుగా నిరూపకాలు రాసేస్తే బొమ్మ వస్తుంది కానీ శీర్షాలను తర్వాత లాగి కదపలేం. త్రిభుజానికి టి1, చతుర్భుజానికి క్యూ1 అన్న పేర్లు అదే పెట్టుకుంటుంది, పక్కనే వైశాల్యం కనిపిస్తుంది: 14, 13.

త్రిభుజమే పెద్దది. ఇప్పుడు పెరిమీటర్ కమాండ్ ఇవ్వండి. త్రిభుజం చుట్టుకొలత 17.12, సమాంతర చతుర్భుజానిది 17.41. వైశాల్యం తక్కువున్నదానికే చుట్టుకొలత ఎక్కువ! చుట్టుకొలతను బట్టి వైశాల్యాన్ని అంచనా వేసే అలవాటు ఎంత బలంగా ఉంటుందో పిల్లలకు పాఠం చెప్పేవాళ్ళకు తెలుసు. దాన్ని విడిపించడానికి ఇంతకన్నా సూటి ఉదాహరణ అక్కర్లేదు.

ఈ సాధనం అసలు బలం లాగి చూడడంలో ఉంది. (3,6) గుండా ఎదుటి భుజానికి సమాంతర రేఖ గీసి, మూడో శీర్షాన్ని ఆ రేఖ మీద బిందువుగా పెట్టి కదపండి. శీర్షం (9,7)కు వెళ్ళేసరికి త్రిభుజం సన్నగా సాగిపోయి చుట్టుకొలత 21.47 అవుతుంది. వైశాల్యం మాత్రం 14 దగ్గర కదలదు. భూమి అదే, ఎత్తు అదే కాబట్టి. కాగితం మీద ఇది చూపించాలంటే అయిదారు బొమ్మలు గీయాలి, ఇక్కడ ఒక్క వేలి కదలిక చాలు.

ఇక తప్పులు ఎక్కడ దొర్లుతాయో చూద్దాం. అన్నిటికన్నా ఎక్కువగా జరిగేది శీర్షాల వరుస మారడం. పై చతుర్భుజాన్నే (0,0), (5,1), (2,3), (7,4) అని ఇచ్చారనుకోండి, భుజాలు ఒకదాన్నొకటి దాటుకుని బొమ్మ సీతాకోకచిలుకలా అవుతుంది. నిరూపకాల గుణకార సూత్రంలో (పక్కపక్క శీర్షాల నిరూపకాలను అడ్డంగా గుణించి, తేడాలన్నీ కూడి, సగం చేసేది) ఒక జత 13 ఇస్తే ఇంకో జత −13 ఇస్తుంది, రెండూ కొట్టుకుపోయి వైశాల్యం 0 వస్తుంది. ఇక్కడ సున్నా వచ్చింది కాబట్టి అనుమానం కలుగుతుంది. వేరే ఆకారమైతే నమ్మదగ్గ అంకే వచ్చి కూర్చుంటుంది, అదే అసలు ప్రమాదం. శీర్షాలను చుట్టూ ఒకే దిశలో, సవ్యంగానో అపసవ్యంగానో ఇవ్వాలి.

రెండోది గళ్ళు లెక్కపెట్టేటప్పుడు వస్తుంది. జూమ్ చేసినప్పుడల్లా గడి విలువ దానంతటదే మారుతుంది, 1 కాస్తా 2 అవుతుంది, 5 అవుతుంది. గడి భుజం 2 అయితే ఒక్కో గడి 4 చదరపు యూనిట్లు. పిల్లలు అదే గడిని 1గా లెక్కేస్తారు. సెట్టింగుల్లో రెండు అక్షాలకూ డిస్టెన్స్ 1 అని బిగించేస్తే ఈ బెడద ఉండదు. పెద్ద గీతల మధ్య సన్న గీతలు కూడా కనిపిస్తుంటే గ్రిడ్ రకాన్ని పెద్ద గీతలకే పరిమితం చేయండి.

అక్షాన్ని పొరపాటున లాగితే ఒకవైపు స్కేలు సాగిపోతుంది, చతురస్రం దీర్ఘచతురస్రంలా కనిపిస్తుంది. చాలామంది దీనికి కంగారుపడతారు. కానీ ఒకే తెర మీద ఉన్న రెండు ఆకారాల వైశాల్యాల నిష్పత్తి దీనివల్ల చెడదు, రెండూ ఒకే లెక్కన సాగుతాయి. పొడవులు, కోణాలు మాత్రం కంటికి తప్పుగా కనిపిస్తాయి. వేర్వేరు స్కేళ్ళలో తీసిన రెండు స్క్రీన్‌షాట్లను పక్కన పెట్టి పోల్చడం మాత్రం ఎప్పుడూ వద్దు. అక్షాల నిష్పత్తిని 1:1కి తెచ్చుకుంటే గొడవ తీరుతుంది.

అంకెలు మామూలుగా రెండు దశాంశ స్థానాలకే సవరించి కనిపిస్తాయి. 6.254, 6.249 రెండూ 6.25 గానే కనపడతాయి, సమానమనుకుని ముగించేస్తారు. రౌండింగ్ పెంచండి, లేదా ఒక వైశాల్యం నుంచి ఇంకోటి తీసేసి తేడా సున్నానో కాదో చూడండి.

వృత్తాల విషయంలో ఇది కాగితాన్ని తేలిగ్గా దాటేస్తుంది. గళ్ళ ఖండన బిందువు కేంద్రంగా వ్యాసార్థం 2తో వృత్తం గీసి, సగానికి మించిన గడిని 1గా, సగంలోపు గడిని 0గా లెక్కపెడితే 12 వస్తుంది. ఏరియా కమాండ్ 12.57 అంటుంది. పై సమాంతర చతుర్భుజంతో పోలిస్తే ఎలాగూ చిన్నదే, కానీ పక్కన 12.3 వైశాల్యం ఉన్న ఆకారం ఉంటే గళ్ళ లెక్క తీర్పునే తిరగేస్తుంది.

మాకు అసంతృప్తి కలిగించే సంగతి ఒకటుంది. 14 ఎందుకొచ్చిందో ఇది చెప్పదు. అంకె చూపించి ఊరుకుంటుంది. కాబట్టి పక్కన గ్రాఫ్ కాగితం ఉండాల్సిందే. త్రిభుజం చుట్టూ 6 పొడవు, 5 ఎత్తు ఉన్న దీర్ఘచతురస్రం గీసి, 30లోంచి మూలల్లోని మూడు లంబకోణ త్రిభుజాలు 3, 8, 5 తీసేస్తే 14 మిగులుతుంది. 1899లో గణితవేత్త గెయోర్గ్ పిక్ ఇచ్చిన సూత్రం ఇంకా ముచ్చటైనది: ఆకారం లోపలున్న గళ్ళ ఖండన బిందువుల సంఖ్యకు అంచు మీది బిందువుల్లో సగం కలిపి 1 తీసేస్తే వైశాల్యం వస్తుంది. శీర్షాలన్నీ గళ్ళ ఖండన బిందువుల మీదే ఉంటే, భుజాలు దాటుకోకుంటే, మధ్యలో రంధ్రాలు లేకుంటేనే ఇది వర్తిస్తుంది. మన రెండు ఆకారాల్లోనూ లోపలి బిందువులు సరిగ్గా 12. త్రిభుజం అంచు మీద 6, సమాంతర చతుర్భుజం అంచు మీద 4. తేడా అంతా అంచులోనే ఉంది: వాలు భుజం (7,2) నుంచి (3,6) దాకా వెళ్తూ మధ్యలో మూడు ఖండన బిందువులను తాకుతుంది, చతుర్భుజం భుజాలు ఒక్కదాన్నీ తాకవు.

ఫోన్‌లో వాడేవాళ్ళు పాయింట్ క్యాప్చరింగ్‌ను ఫిక్స్‌డ్ టు గ్రిడ్‌కు మార్చుకోండి. వేలితో పెట్టిన బిందువు గళ్ళ మూలకు తప్ప ఇంకెక్కడికీ పోదు. అయితే వృత్తం వ్యాసార్థాన్ని పావు యూనిట్ చొప్పున మార్చి చూడాలనుకుంటే ఆ సెట్టింగ్ అడ్డుపడుతుంది, అప్పుడు తీసేయండి.