ఏది మేలు: మల్లెలతీర్థమా, సలేశ్వరమా?

నల్లమలలో జలపాతం చూడాలనుకునే పాలమూరు, నల్లగొండ వాళ్ల నోట ముందుగా వినిపించేవి ఈ రెండు పేర్లే. రెండూ నాగర్‌కర్నూల్ జిల్లాలో, అమ్రాబాద్ పులుల అభయారణ్యంలోనే ఉన్నా, వాటికి చేరే తీరులో మాత్రం పోలికే లేదు.

మల్లెలతీర్థానికి వెళ్లాలంటే హైదరాబాద్–శ్రీశైలం రహదారిపై మన్ననూరు చెక్‌పోస్టు దాటి, చెంచులు నివసించే వటవర్లపల్లి దగ్గర అడవిలోకి మళ్లాలి. బండి దిగాక మూడు వందలకు పైగా మెట్లు దిగితే, నాచు పట్టిన బండల మీదుగా జారిపడే నీళ్లు కనిపిస్తాయి. వానలు వెనుకబట్టిన తరువాత అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వెళ్లడం మంచిది. ఎండాకాలంలో ధార బాగా సన్నబడుతుంది. దిగేటప్పుడు శ్రమ తెలియదు గాని, ఎక్కేటప్పుడు పెద్దవాళ్లు నాలుగైదు చోట్ల కూర్చోక తప్పదు. శ్రీశైలం దారిలో రాత్రి 9 నుంచి ఉదయం 6 గంటల వరకు వాహనాలను అడవిలోకి వదలరు కనుక పొద్దు గుంకక ముందే తిరుగు ప్రయాణం కావాలి.

సలేశ్వరం సంగతి వేరు. చైత్ర పౌర్ణమి జాతరకు ఆ కొద్ది రోజులు మాత్రమే అటవీశాఖ జనాన్ని అనుమతిస్తుంది. వాహనాలు ఆగిన చోటినుంచి రాళ్ల దారిలో కొన్ని కిలోమీటర్లు నడిచి, రెండు కొండల నడుమ లోయలోకి, కొన్నిచోట్ల ఒక చేత్తో బండను పట్టుకుని ఒకరి వెనుక ఒకరుగా దిగాలి. ‘వత్తన్నం లింగమయ్యా’ అంటూ దిగిన జనం గుండంలో స్నానం చేసి, గుహలోని లింగమయ్యను దర్శించుకుంటారు. అక్కడ పూజారులు చెంచులే. మండువేసవిలోనూ అంత ఎత్తునుంచి నీళ్లు పడుతుండడం చూస్తే నడక శ్రమంతా మరిచిపోతాము. అయితే 2023 జాతరలో భక్తులు ప్రాణాలు కోల్పోయిన సంగతిని తేలిగ్గా తీసుకోకూడదు.

పిల్లలు, ముసలివాళ్లు వెంట ఉంటే మల్లెలతీర్థమే మేలని గట్టిగా చెబుతాను. కాళ్లలో సత్తువ ఉండి, ఎండకు ఓర్చుకోగలిగి, చెంచుల దేవుణ్ణి వారి అడవిలోనే చూడాలన్న కోరిక ఉన్నవారికి మాత్రం సలేశ్వరానికి సాటి లేదు. వారైనా పౌర్ణమి నాటి రద్దీని తప్పించుకుని, జాతర మొదటి రోజు పొద్దున్నే నడక మొదలుపెట్టడం క్షేమం.