రెండో అవెన్యూ పాటల కాగితాల కోసం న్యూయార్కులో మూడు రోజులు

తూర్పు ఐరోపా యూదుల భాష అయిన యిడ్డిష్‌లో నడిచిన నాటకరంగపు తొలినాటి పాటలను, అప్పట్లో అచ్చయిన స్వరపత్రాల్లోనే చూడాలన్న కోరికతో మార్చిలో మూడు రోజులు న్యూయార్కులో గడిపాను. అదే పనిమీద వెళ్ళదలచినవారు ఆ నాటకాలాడిన రెండో అవెన్యూ వంటి వీధుల కంటే ఆ పాటలున్న కాగితాలకే ఎక్కువ సమయం ఉంచుకోవడం మేలు. నేను వీధులతో మొదలుపెట్టి ఒక పూట పోగొట్టుకున్నాను.

బస విషయంలోనూ పొరబడ్డాను. మొదటి రాత్రి లోయర్ ఈస్ట్ సైడ్‌లో ఒక చిన్న హోటల్లో దిగితే, అద్దె గాక సౌకర్యాల రుసుమంటూ మరికొంత వసూలు చేశారు. గదిలో పెట్టె తెరవాలంటే నేను మంచమెక్కి కూర్చోవలసి వచ్చింది. మర్నాడు నది దాటి జెర్సీ సిటీలోని జర్నల్ స్క్వేర్ దగ్గరకు మారాను. అక్కడ న్యూజెర్సీ నుంచి న్యూయార్కుకు నడిచే పాత్ రైళ్ళలో 33వ వీధికి వెళ్ళేది ఎక్కి 14వ వీధిలో దిగితే, నాకు కావలసిన గ్రంథాలయం కొద్ది నిమిషాల నడక. పైగా ఇండియా స్క్వేర్ పక్కనే ఉండటంతో రాత్రి భోజనానికి వెతుక్కోనక్కరలేకపోయింది.

ఆ గ్రంథాలయం పశ్చిమ 16వ వీధి, 15వ నంబరు భవనంలోని సెంటర్ ఫర్ జూయిష్ హిస్టరీలో ఉంది. 1925లో విల్నాలో (నేటి లిథువేనియాలోని విల్నియస్) పుట్టి, రెండో ప్రపంచ యుద్ధకాలంలో న్యూయార్కుకు తరలివచ్చిన యిడ్డిష్ పరిశోధన సంస్థ యివో భాండాగారం ఇక్కడిదే. ప్రవేశానికి రుసుము లేదు. గుర్తింపు పత్రం చూపి పేరు నమోదు చేసుకుని, సంచిని లాకర్లో పెట్టి, పెన్సిలుతో మాత్రమే లోపలికి వెళ్ళాలి. కావలసిన కాగితాలున్న పెట్టెలను ముందే కోరి ఉంచుకోవాలి, శనివారం తెరవరు. సిబ్బంది ఓపికకు మాత్రం ఎంత మెచ్చుకున్నా తక్కువే. యిడ్డిష్ రాని నాకు ముఖపత్రాల మీది పేర్లను ఒక్కొక్కటిగా చదివి చెప్పారు.

ఆ పత్రాల తయారీయే ఒక చిత్రం. యిడ్డిష్‌ను హీబ్రూ లిపిలో కుడి నుంచి ఎడమకు రాస్తారు. ఐదు గీతల మీద స్వరాలు రాసే పాశ్చాత్య పద్ధతి, అంటే స్టాఫ్ నొటేషన్, ఎడమ నుంచి కుడికి నడుస్తుంది. ఈ చిక్కు విప్పడానికి ప్రచురణకర్తలు స్వరాల కింద సాహిత్యాన్ని రోమన్ లిపిలో, జర్మన్ వర్ణక్రమాన్ని తలపించేలా అచ్చువేసి, చరణాలను హీబ్రూ లిపిలో విడిగా ఇచ్చేవారు. మన సినిమా హాళ్ళ దగ్గర అమ్మిన పాటల పుస్తకాల్లో సాహిత్యమే ఉండేది, రాగం చెవిన పడి ఉండాలి. ఇక్కడ ఇంట్లో పియానో ఉన్నవారు నాటకం చూడకపోయినా పాట వాయించుకోగలిగేవారు.

1876లో రుమేనియాలోని యాష్ పట్టణంలో తొలి వృత్తి యిడ్డిష్ నాటక బృందాన్ని నడిపిన అబ్రహాం గోల్డ్‌ఫాడెన్‌కు సంగీత శిక్షణ లేదు. ప్రార్థనామందిరపు గానం, జానపద గీతాలు, ఐరోపా ఆపెరాల నుంచి వరుసలు తీసుకుని, వాటిని ఇతరుల చేత రాయించుకునేవాడు. ఆయన ‘శూలామిస్’ నాటకంలోని ఎండుద్రాక్షలు, బాదంపప్పుల జోలపాట నాటకం నుంచి విడిపోయి, జానపదమనిపించేంతగా ఇళ్ళలో స్థిరపడింది.

అయితే అన్నిటికీ ప్రయాణం అవసరం లేదు. 1912లో టైటానిక్ ఓడ మునిగిన ఏడాదే ఆ దుర్ఘటనపై అచ్చయిన యిడ్డిష్ గీతకర్త సాలమన్ స్మూలెవిట్జ్ విలాపగీతం, ముఖచిత్రం మీద కౌగిలించుకుని నిలిచిన, ఆ ఓడ ప్రమాదంలో చనిపోయిన స్ట్రౌస్ దంపతులతో సహా, అమెరికా జాతీయ గ్రంథాలయమైన లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ డిజిటల్ సేకరణలో ఇంట్లోనే చూడవచ్చు. ముందుగా అది వెతికి, అందులో లేనివాటికే పెట్టెలు కోరడం తెలివైన పని.

ఇక వీధుల మాట. రెండో అవెన్యూ, 12వ వీధి మూలన యిడ్డిష్ నటుడు మారిస్ ష్వార్ట్జ్ బృందం కోసం 1926లో తెరిచిన నాటకశాల ఇప్పుడు విలేజ్ ఈస్ట్ సినిమా హాలు. యూదుల చిహ్నమైన దావీదు నక్షత్రాన్ని పొదిగిన పైకప్పు పెద్ద హాల్లోనే ఉంటుందని తెలియక నేను కింది అంతస్తులో చిన్న తెరకు టికెట్టు కొని, ఏ పైకప్పూ చూడకుండా ఒక సినిమా చూసి వచ్చాను. టికెట్టు కొనేముందు ఏ తెర అని అడగండి. 10వ వీధి మూలన, ఒకప్పటి డెలి (యూదుల భోజనశాల) ముందు, యిడ్డిష్ నటీనటుల పేర్లు చెక్కిన నక్షత్రాలు కాలిబాటలో ఉన్నాయి; ఆ డెలి చోట తర్వాత బ్యాంకు వెలిసింది. కొన్ని పేర్లు బాగా అరిగిపోయాయి. అక్కడికి పావుగంట చాలు. హ్యూస్టన్ వీధిలో 1910 నుంచి ఉన్న యోనా షిమ్మెల్ దుకాణంలో బంగాళదుంప కూరిన పిండివంట క్నిష్ తిని మళ్ళీ 16వ వీధికి వెళ్తే, గ్రంథాలయం మూసేలోగా ఇంకొక పెట్టె చూడవచ్చు.