బంగారమా, బిట్‌కాయినా: కొండపి రైతు ఇంటి లెక్క

పొగాకు వేలం డబ్బు చేతికొచ్చి అప్పులు తీరాక మిగిలినదాన్ని బంగారంలో పెట్టాలా, బిట్‌కాయిన్ అనే డిజిటల్ నాణెంలో పెట్టాలా అన్న వాదన ప్రకాశం జిల్లా కొండపి, టంగుటూరు వైపు ఇళ్లలో తండ్రీకొడుకుల మధ్య తరచుగా వినిపిస్తోంది. కొడుకుల మాటలో బలం లేకపోలేదు: బిట్‌కాయిన్ల సంఖ్య 2.1 కోట్లకు మించదు, ఏ ప్రభుత్వమూ అదనంగా ముద్రించజాలదు. అయితే 2021 నవంబరులో దాదాపు 69 వేల డాలర్లు పలికిన అదే నాణెం ఏడాది తిరిగేసరికి 16 వేల దరిదాపులకు పడిపోయింది. తర్వాత కోలుకున్న మాట నిజమే గానీ, పొగాకును వేడితో ఆరబెట్టే బ్యారన్‌కు కట్టెలు కొనాల్సిన రైతు అంతకాలం ఆగలేడు.

నాకు కనిపించే అసలు తేడా ధర కాదు, అక్కరకు రావడం. మా అమ్మ గాజులను బ్యాంకులో గీటురాయి మీద గీసి, చిన్న త్రాసులో తూచి, గంటలోపే అప్పు చేతిలో పెట్టిన ఉదయం ఇప్పటికీ గుర్తుంది. బిట్‌కాయిన్‌ను ఆ బల్ల మీద పెట్టలేము.

పన్ను సంగతి మరింత వివాదాస్పదం. 2022 ఏప్రిల్ నుంచి క్రిప్టో, అంటే బిట్‌కాయిన్ వంటి డిజిటల్ నాణేల లాభంపై 30 శాతం పన్ను ఉంది. ఒక నాణెంలో వచ్చిన నష్టాన్ని మరొకదాని లాభంలో సర్దుకోనివ్వరు. ఇంత పన్ను వసూలు చేస్తూ, మదుపుదారుకు రక్షణనిచ్చే ప్రత్యేక చట్టం చేయకపోవడం అన్యాయమని గట్టిగా నమ్ముతున్నాను.

బంగారానికి తరుగు, మజూరీల బాధ ఉంది. నగలకు బదులు కాసులుగా కొంటే అదీ చాలావరకు తగ్గుతుంది.